పిల్లి అడ్డమొచ్చిన షిఫ్టు

పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరగాలి, కాసేపు కూర్చోవాలి, రెండు గుక్కల నీళ్లు తాగాలి. ఆ తర్వాత ఎక్కడికి పోతావో నీ ఇష్టం. బొగ్గుబాయిలో దిగే మనిషికి ఇది కంపెనీ పెట్టిన రూలు కాదు గాని, కంపెనీ రూల్సు సగం మరిచిపోయినవాళ్లు కూడా దీన్ని మరిచిపోరు. గోదావరిఖనిలో ఆ బాయి మీద అందరికంటే గట్టిగా దీన్ని పట్టుకున్నవాడు కొమురెల్లి. అతను టింబర్‌మన్. లోపల కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం అతని పని. కర్రతో కప్పును తట్టి, ఆ చప్పుడు విని, ఆగుతుందో ఆగదో చెప్పేవాడు. అతను ఆగుతుందంటే గ్యాంగు మొత్తం నిశ్చింతగా దాని కింద కూర్చుని సద్ది తినేది. అలాంటి మనిషి ఒక బూడిదరంగు పిల్లిని చూసి గేటు దగ్గర్నుంచి సైకిల్ స్టాండు దాకా వెనక్కి నడిచేవాడు.

ఆ చలికాలం పిల్లి అతన్నే ఎంచుకుంది. సోమవారం పొద్దున ఫస్టు షిఫ్టుకు వస్తుంటే, గేటు పక్కన తెలంగాణ దీక్షా టెంటు కిందినుంచి లేచి తాపీగా అడ్డం నడిచింది. కొమురెల్లి వెనక్కి పోయాడు, కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, మళ్లీ వచ్చాడు. ఆలోపు పిల్లికి టెంటు వైపు ఏదో పని గుర్తొచ్చినట్టుంది, మళ్లీ అడ్డం వచ్చింది. కొమురెల్లి మళ్లీ వెనక్కి. చివరికి అతను గేటు చేరేసరికి హాజరు రాసే మస్టర్ క్లర్కు గోడ గడియారం వైపు చూపించి, "ఇంకేం డ్యూటీ, ఇంటికి నడువు" అన్నాడు. మస్టర్ పోయిన కోపం కొమురెల్లికి ఆ రోజంతా తగ్గలేదు.

మంగళవారం షిఫ్టు అయిపోయి పైకి వచ్చి, స్నానం చేసి బయటికొస్తే, ల్యాంపు రూము వెనక ఎండలో అది కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. కొమురెల్లి తువ్వాల కప్పి ఒడుపుగా పట్టుకున్నాడు. గ్యాంగు మొత్తం చుట్టూ చేరింది. ఒకడు సిమెంటు సంచి తెచ్చాడు. ఇంకొకడు సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు. గ్యాంగులో పెద్దవాడు సదయ్య, కొమురెల్లికి వరసకు బావ, జేబులోంచి బ్లాస్టింగ్ వైరు ముక్క తీసి సంచి మూతి చుట్టూ మెలితిప్పి కట్టాడు. "పీడ పాయె. తోలుకపో బావా, గోదారి అవుతల ఇడిశిరా" అన్నాడు. అందరూ నవ్వారు. ఒకరిద్దరు కొమురెల్లి భుజం తట్టారు.

కొమురెల్లి సంచిని మోపెడ్ ముందు పెట్టుకుని గోదావరి బ్రిడ్జి దాటి, ఇందారం దారిలో ఒక చింతచెట్టు కింద మూతి విప్పాడు. పిల్లి బయటికొచ్చి, అతన్ని లెక్కచేయకుండా కూర్చుని ముందరి కాలు నాక్కుంది. కొమురెల్లి హాయిగా ఇంటికొచ్చి, కడుపునిండా తిని, భార్య సారవ్వకు ఈ విజయమంతా చెప్పి పడుకున్నాడు. దాని పొట్ట కింద చనుకట్టు వేలాడుతున్న సంగతి అంతమంది మగవాళ్లలో ఒక్కడూ చూడలేదు.

బుధవారం పొద్దున దారి ఖాళీగా ఉంది. కొమురెల్లి ఈలవేసుకుంటూ ల్యాంపు రూము కిటికీ ముందు వరసలో నిలబడ్డాడు. ఇక్కడ ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ల ఉంటుంది. బిళ్ల ఇస్తే నెత్తికి పెట్టుకునే బత్తి ఇస్తారు. మనిషి లోపల ఉన్నంతసేపు అతని బిళ్ల బోర్డు మీద మేకుకు వేలాడుతుంది. పైకొచ్చి బత్తి ఇస్తే బిళ్ల తిరిగిస్తారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఫస్టు షిఫ్టులో ఎలిజబెత్ చేతిమీదుగా జరుగుతాయి. ఆమె నోటికి జడిసి, షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ కూడా కాస్త దూరంగా నిలబడతాడు. 

కొమురెల్లి బిళ్ల ముందుకు తోశాడు. ఎలిజబెత్ దాన్ని తీసుకుంది గాని బత్తి ఇవ్వలేదు.

"లోపటికి రా కొమురన్న."

"ఎందుకక్కా? టైమైతాంది."

"నిన్న నువ్వు బండి మీద సాగనంపినవ్ సూడు, ఆమె సామాను మరిచిపోయింది. వచ్చి సూడు."

లోపల బత్తీల బ్యాటరీలు వరసలుగా చార్జింగుకు పెట్టి ఉన్నాయి. చివరి వరస కింద, తుడుచుకునే పాత నూలు వేసే డబ్బాలో మూడు పిల్లి పిల్లలు. కళ్లు తెరవలేదు, చెవులు తలకు అతుక్కుని ఉన్నాయి. బూడిదరంగువి రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ముక్కులతో నూలును పొడుస్తున్నాయి. మూడోది నల్లది, వాటిలో సగం కూడా లేదు. కదలడం లేదు. ఎలిజబెత్ దాన్ని తీసి స్వెటర్ లోపల మెడకింద పెట్టుకుంది.

"సల్లగైంది. రాత్రంతా తల్లి లేకపాయె" అంది.

కొమురెల్లి డబ్బా ముందు వంగి చూశాడు. "నాకెరుక లేదక్కా. పిల్లల తల్లని నాకు నిజంగ ఎరుకలేదు."

ఈలోపు సదయ్య కిటికీలోంచి తల దూర్చి అంతా చూశాడు. అతని వెనక వరసలో మాట పాకింది. నవ్వులాగిపోయాయి.

"తల్లీపిల్లలను ఎడబాపినవా బావా" అన్నాడు సదయ్య. 

"ఎరుకయ్యి చేసిన్నా?"

"ఎరుకయ్యి చేసినా కాక చేసినా, ఉసురు ఉసురే. ఇయ్యాల నీ పక్కపొంటి కప్పు కింద నేను నిలవడ."

వెనక ఉన్నవాళ్లు కూడా తామూ నిలబడేది లేదన్నారు. ఎలిజబెత్ స్వెటర్ మీద చెయ్యి అలాగే ఉంచి కిటికీ దగ్గరికి వచ్చింది. "సదన్నా, సంచి మూతికి వైరు చుట్టిందెవరు? నేను ఎనక కిటికీలకెల్లి సూడలేదనుకున్నవా?"

సదయ్య తన బ్యాటరీ బెల్టు సరిచేసుకున్నాడు. "కట్టుడు కట్టిన. తోలుకపోయింది ఆయన" అని బత్తి తీసుకుని వెళ్లిపోయాడు. నిన్న భుజం తట్టినవాళ్లు ఒక్కొక్కరే బత్తీలు తీసుకుని, కొమురెల్లి మొహం చూడకుండా వెళ్లిపోయారు. అందరూ కలిసి చేసిన పని ఒక్కడి నెత్తిన పెట్టడం ఎంత తేలికో అక్కడ చూడాలి.

గ్యాంగు దిగనంటే ఓవర్‌మన్ మాత్రం ఏంచేస్తాడు? "నాల్గు దినాలు పైన టింబర్ యార్డుల దుంగలు సర్దు. వాళ్ల మనసు సల్లబడ్డంక దిగుదువు" అన్నాడు. కొమురెల్లికి ఏడుపొచ్చినంత పనయింది. తను లేకుండా గ్యాంగు లోపలికి దిగడం అతనెప్పుడూ చూడలేదు. ఇవాళ వాళ్ల వీపులు చూశాడు. సదయ్య వెనక పరుగెత్తి, "ఎన్ని రోజులు బావా గిట్ల?" అని అడిగాడు.

"అవి బతుకనీ. సూద్దాం" అన్నాడు సదయ్య.

అంటే అవి బతక్కపోతే తను ఇక ఆ గ్యాంగుతో దిగడన్న మాట. కొమురెల్లి ల్యాంపు రూములోకి తిరిగొచ్చి, "ఏం చెయ్యాల్నో చెప్పక్కా" అన్నాడు.

ఆ పొద్దుటి పాలు తాపడం గురించి ఎలిజబెత్ తర్వాత చాలామందికి చెప్పి నవ్వింది. క్యాంటీను నుంచి పాలు తెచ్చి, చక్కెర కలిపి, కొమురెల్లి బల్ల మీద ఉన్న రబ్బరు బుడ్డి గొట్టం అందుకున్నాడు. అది బ్యాటరీల్లో నీళ్లు నింపేది. ఎలిజబెత్ అతని చేతి మీద ఫట్‌మని కొట్టింది.

"అండ్ల యాసిడ్ ఉంటది. పిల్లల సంపుతవా, బతికిస్తవా?"

ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఖాళీ అయిన కంటి మందు సీసా దొరికింది. దానితో వచ్చిన, చుక్కలు వేసే రబ్బరు పిల్లర్‌ను ఎలిజబెత్ ఉడుకు నీళ్లతో కడిగింది. కొమురెల్లి ఒక బూడిద పిల్లను మోచేతి మీద వెల్లకిలా పడుకోబెట్టి, పసిబిడ్డకు ఉగ్గు పోసినట్టు పోశాడు. పాలు ముక్కులోంచి బయటికొచ్చాయి. పిల్ల ఉక్కిరిబిక్కిరైంది.

"నీ మనుమడనుకున్నవా కొమురన్న? తల్లి దగ్గర ఎల్లకిల పండుకోని తాగుతయా? బోర్ల పట్టు. తల జర పైకుండాలె. పిల్లర్‌ను ఒత్తకు, దాన్నే గుంజుకోనియ్యి."

దుంగలెత్తీ ఎత్తీ అతని వేళ్లు గట్టిపడిపోయాయి. ఆ వేళ్ల మధ్య పిల్లర్ కనిపించడమే లేదు. రబ్బరు మీద వేలు ఆనించి ఊపిరి బిగబట్టాడు. పిల్ల నాలుక పిల్లర్ కొస చుట్టూ దొన్నెలా ముడుచుకుంది. ఒక చుక్క పోయింది. ఇంకో చుక్క పోయింది. పిల్ల ముందరి కాళ్లతో అతని బొటనవేలిని అటోసారి ఇటోసారి ఒత్తడం మొదలుపెట్టింది.

"తాగుతాంది" అన్నాడు కొమురెల్లి, గట్టిగా అంటే ఆపేస్తుందేమోనని గుసగుసగా.

నల్లదానికి మాత్రం ఎలిజబెత్ వెంటనే పాలు పట్టనివ్వలేదు. ఒళ్లు వెచ్చబడితేనే కడుపు పనిచేస్తుందంది. అది స్వెటర్ లోపలే ఉంది. కిటికీ దగ్గర పని చేసుకుంటూ మధ్యమధ్య మెడ వంచి చూసుకునేది. చాలాసేపటికి మెడ కింద సన్నగా కీచుమంది. ఎలిజబెత్ కళ్లు మూసుకుని "స్తోత్రం ప్రభువా" అంది. తర్వాత కళ్లు తెరిచి, "పిల్లర్ తేవయ్యా, సూస్తవేంది" అని కొమురెల్లి మీద అరిచింది.

వాటిని ఎక్కడ ఉంచాలన్న దాంట్లో పొరపాటు ఎలిజబెత్‌దే. చార్జింగు వరసల పైన ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది కదా అని డబ్బాను అక్కడ పెట్టింది. చలికాలంలో తన సద్ది గిన్నె కూడా అక్కడే పెట్టుకుంటుంది. మధ్యాహ్నం దుంగలు సర్ది వచ్చిన కొమురెల్లి గుమ్మంలోనే ఆగిపోయాడు. మూడూ తుమ్ముతున్నాయి. అతను ముక్కు ఎగబీల్చి, డబ్బాను ఎత్తుకుని ఒక్క అంగలో బయటికి పోయాడు.

"అక్కా, ఈ బ్యాటరీల గాలి పుల్లగ కొడ్తాంది. మనకే గొంతు పట్టుతది. గోరంత పానాలకు ఎట్లుంటది?"

ఎలిజబెత్ మొహం చిన్నబోయింది. "ఇండ్లనే ఉండి ఉండి నాకు వాసనే తెలుస్తలేదు" అంది. తర్వాత తనే నవ్వింది. "మంచిగైంది. ఇద్దరం ఇద్దరమే."

డబ్బా వరండాలో పాత బల్ల కిందికి మారింది. వెచ్చదనానికి కొమురెల్లి తన నీళ్ల సీసాలో క్యాంటీను ఉడుకు నీళ్లు పోసి, తువ్వాల చుట్టి పిల్లల పక్కన పెట్టాడు. షిఫ్టు అయిపోయాక డబ్బాను మోపెడ్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. 

సారవ్వ డబ్బాలోకి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నిన్న సంచి కట్టి తోలుకపోతివి. ఇయ్యాల డబ్బల పెట్టుకొని తెస్తివి. రేపు ఏం తెస్తవయ్యా?" అంటూనే ఒకదాన్ని చేతిలోకి తీసుకుని తోక కింద చూసింది. "కడుపు పారుతాంది. ఏం పాలు తాపిన్రు?"

"క్యాంటీన్ పాలు. చక్కెరేసి."

"బర్రె పాలు నీకే అరుగయి. మా తల్లిగారింట్ల తల్లి సచ్చిన గొర్రెపిల్లలను సాదినం గని ఏనాడు బర్రె పాలు పొయ్యలె. పో, ఎల్లేశం కొట్టంల మేకను పిండించుకరా. చక్కెరెయ్యకు."

కాలనీ వెనక ఎల్లేశం మేక పాలిచ్చింది గాని ఊరికే ఇవ్వలేదు, కొమురెల్లి మోకాలి మీద ఒక తన్ను కూడా ఇచ్చింది. ఆ పాలలో కాస్త కాచిన నీళ్లు కలిపి పట్టారు. తాగాక తడి దూదితో పొట్ట కింద మెల్లగా రుద్దాలని సారవ్వ చూపించింది. తల్లయితే నాలుకతో నాకుతుంది, అలా నాకితేనే వాటికి ఒంటికి రెంటికి వస్తాయట. కొమురెల్లి సిగ్గుపడుతూనే రుద్దాడు. తడి తగిలినప్పుడు ఎంత గర్వపడ్డాడంటే, సారవ్వ మొహం తిప్పుకుని నవ్వుకుంది.

గురువారం నాటికి వాటికి పేర్లు పడ్డాయి. ఎవరు పెట్టారో తెలియదు. పెద్దది ఫస్టు, నడిమిది సెకండు, నల్లది నైటు. మూడు షిఫ్టుల వాళ్లకూ తమదంటూ ఒకటి ఉంది గనుక ఉడుకు నీళ్ల సీసాలకు కొదవలేకుండా పోయింది. ఫస్టు షిఫ్టువాళ్లు బాయి లోపలికి తీసుకుపోయే సీసాను దిగేముందు డబ్బాలో పెట్టి, పైకొచ్చి తీసుకునేవాళ్లు, దప్పికైతే పక్కవాడి సీసా తాగేవాళ్లు. దీక్ష టెంటులో కూర్చున్నవాళ్లు కూడా వచ్చి తొంగిచూసి, "మాదేమో రిలే దీక్ష, వీళ్లది రిలే పాలు" అని నవ్విపోయారు. సదయ్య గ్యాంగు మాత్రం దూరం నుంచే చూసేది. కొమురెల్లి పలకరిస్తే అటు తిరిగేది.

నైటు బరువు పెరుగుతున్నదో తరుగుతున్నదో చేతికి తెలిసేది కాదు. కొమురెల్లి టింబర్ యార్డులో ఒక చెక్క పేడు చెక్కి, నడుమ దారం కట్టి, రెండు కొసలకు టిఫిను మూతలు వేలాడదీసి త్రాసు చేశాడు. ఎలిజబెత్ రిటైరైనవాళ్ల పాత బిళ్లల డబ్బా తెచ్చింది. ఒక మూతలో నైటు, ఇంకో మూతలో బిళ్లలు. పాత బిళ్లలు వేస్తే సరితూగింది. ఎలిజబెత్ వాటి మీద ఇంకొక బిళ్ల వేసింది. నైటు అమాంతం పైకి లేచి గాలిలో కాళ్లాడించింది.

"ఆ బిళ్లెవరిది?" అన్నాడు కొమురెల్లి.

"నీదే. దిగని మనిషి బిళ్ల మేకుకెందుకు? ఇది నైటును లేపుడు గాదు, నైటు దీన్ని లేపాలె. గట్ల లేపిననాడు నేను సదన్నను పిలిచి సూపెడ్త. ఏమంటడో సూద్దాం."

ఆ రోజు షిఫ్టు కాగానే కొమురెల్లి తల్లిని వెతకడానికి పోయాడు. పిల్లలను సారవ్వకు అప్పజెప్పి, ఎండు చేపల పొట్లం కట్టుకుని బ్రిడ్జి దాటాడు. చింతచెట్టు కింద ఎవరూ లేరు. పక్కన హోటలువాడిని అడిగాడు.

"పిల్లి కనవడ్డదా తమ్మీ?"

"ఎట్లుంటది?"

"పిల్లి లెక్కనే ఉంటది. బూడిద రంగు."

"ఉంటయి కాక, మస్తు పిల్లులుంటయి. ఏమన్న పేరున్నదా?"

పేరెక్కడిది? దాన్ని అతను ఎప్పుడు పిలిచాడు గనుక, తిట్టడం తప్ప. పొలం గట్ల మీద చాలాసేపు "ప్చ్ ప్చ్" అంటూ తిరిగాడు. రెండు కుక్కలు వెంట వచ్చాయి. చీకటి పడబోతుంటే మోపెడ్ తోసుకుంటూ వెనక్కి బయలుదేరాడు. బ్రిడ్జి పొడుగునా నాలుగడుగులకొక చేప ముక్క వేసుకుంటూ నడిచాడు. బొగ్గు లారీలవాళ్లు హారన్ కొట్టి, తల బయటపెట్టి చూసి పోయారు. చూస్తే చూడనీ అనుకున్నాడు. "నా తల్లీ, వాసన పట్టుకొని రా" అన్నాడు నీళ్లవైపు చూస్తూ.

శుక్రవారం ఫస్టు, సెకండు పొట్టలు గుండ్రంగా వచ్చాయి. పాలు పట్టే వేళయితే పిల్లర్ వాసనకే మెడలు చాచి అరిచేవి. నైటు అలా కాదు. రెండు చుక్కలకే అలిసిపోయి నిద్రపోయేది. కొమురెల్లి దాన్ని అరచేతిలో బోర్లా పట్టుకుని, వేలికొసతో వీపు మీద తట్టి లేపేవాడు. ఇంకో రెండు చుక్కలు. మళ్లీ నిద్ర. మళ్లీ తట్టడం. ఓపికగా, కప్పును తట్టి వినే మనిషి చెవి ఒగ్గి దాని గొంతులో గుటక చప్పుడు వినేవాడు. గుటక వినపడితే తలూపేవాడు.

షిఫ్టు పైకొచ్చే వేళకు త్రాసును వరండాలో కట్టారు. మొహాల నిండా బొగ్గుతో మనుషులు గుమిగూడారు. సదయ్య కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. ఎలిజబెత్ బిళ్లలు వేసి, పైన కొమురెల్లి బిళ్ల పెట్టింది. కొమురెల్లి నైటును మూతలో దించి చెయ్యి తీశాడు. పేడు అటూ ఇటూ ఊగింది. నైటు కిందికి, పైకి, కిందికి. మెల్లగా పేడు అడ్డంగా నిలబడింది. 

ఎవరో చప్పట్లు కొట్టబోతే ఎలిజబెత్ వేలు చూపించి ఆపింది, పిల్ల బెదురుతుందని.

సదయ్య వంగి, నేలమట్టం చూసినట్టు ఒక కన్ను మూసి చూశాడు. "సమానమే. లేపలే" అన్నాడు.

"లేపుతది" అన్నాడు కొమురెల్లి.

సదయ్య పోతూ పోతూ తన నీళ్ల సీసాను డబ్బా పక్కన పెట్టి పోయాడు. అందులో నీళ్లు చల్లవే అయినా కొమురెల్లి దాన్ని క్యాంటీనుకు తీసుకుపోయి ఉడుకు నీళ్లు నింపుకొచ్చాడు.

శనివారం పొద్దున మంచు దట్టంగా ఉంది. గేటు ముందు ఫస్టు షిఫ్టు మనుషులు సైకిళ్లు, మోపెడ్లు దిగుతున్నారు. కొమురెల్లి డబ్బాను రెండు చేతులా పట్టుకుని నడుస్తున్నాడు. ముందర సదయ్య గ్యాంగు పోతున్నది. వాళ్లు ఉన్నట్టుండి ఆగిపోయారు.

దీక్ష టెంటు పక్క మంచులోంచి అది వచ్చింది. బూడిదరంగు, సగానికి సగం తగ్గిపోయింది. ఒక చెవి చిరిగింది. కాళ్లకు బురద ఎండి ఉంది. దారి నడుమకు వచ్చి నిలబడి, అంతమందినీ చూసి, పారిపోవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఒక కాలు పైకెత్తి ఉంచింది. 

మొత్తం షిఫ్టు నిలబడిపోయింది. ఎవరూ వెనక్కి తిరగలేదు. ఎవరూ దగ్గలేదు. సైకిల్ స్టాండు వేయబోయినవాడు వేయకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అడుగు వేస్తే అది బెదిరిపోతుందని అందరికీ ఒకేసారి భయం పుట్టింది.

డబ్బాలో నైటు కీచుమంది.

పిల్లి చెవులు నిక్కాయి. కొమురెల్లి మోకాళ్ల మీద కూర్చుని డబ్బాను నేల మీద పెట్టి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. అది సదయ్య కాళ్ల ముందునుంచి, గ్యాంగు మొత్తానికి అడ్డంగా నడిచి వచ్చింది. డబ్బా అంచు వాసన చూసింది. కొమురెల్లి మోకాలి వాసన కూడా చూసింది. తర్వాత డబ్బాలోకి దిగి, మూడింటినీ కాళ్ల మధ్యకు లాక్కుని నాకడం మొదలుపెట్టింది.

"వచ్చినవా తల్లీ" అన్నాడు కొమురెల్లి. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీగానే ఉన్నాయి గాని తుడుచుకోవాలని తోచలేదు.

అది ఎలా వచ్చిందన్న దాని మీద తలా ఒక మాట అన్నారు. కొమురెల్లి ఎండు చేపల వాసనకే వచ్చిందని కొందరు, బొగ్గు లారీ ఎక్కి వచ్చిందని కొందరు. లారీ అయితే క్లీనరు చూడడా అని ఒకడన్నాడు. కొమురెల్లి ఆ వాదంలోకి దిగలేదు. డబ్బాను, తల్లితో సహా, కదలకుండా ఎత్తుకుని ల్యాంపు రూము వరండాలోకి తెచ్చాడు. 

ఎలిజబెత్ బయటికి వచ్చి చూసి, "సామాను మరిచిపోయినవని యాదికొచ్చిందా అమ్మా" అని దాని తల మీద చెయ్యి వేయబోయింది. అది గుర్రుమంది. ఎలిజబెత్ చెయ్యి తీసేసి తెగ సంతోషపడింది.

ఫస్టు, సెకండు వెతుక్కోకుండానే చనులు పట్టాయి. పాలు ఇంకా ఉన్నాయి, ఎక్కువ లేవు. నైటు ముక్కుతో తడుముకుంటూ పోయింది. ఫస్టు దాన్ని వెనక కాలితో నెట్టింది. మళ్లీ పోయింది. సెకండు నెట్టింది. కొమురెల్లి వేలితో వాటిని పక్కకు జరిపి నైటు మూతిని చనుకు ఆనించాడు. అది పట్టుకున్నట్టే పట్టుకుని జారిపోయింది. మళ్లీ ఆనించాడు. మళ్లీ జారిపోయింది. దాని నోట్లో ఇంకా అంత బలం లేదు. కొమురెల్లి జేబులోంచి మేకపాల సీసా తీసి, పిల్లర్ కోసం చెయ్యి చాచాడు. ఎలిజబెత్ అప్పటికే కడిగి పట్టుకుని ఉంది.

సైరన్ మోగింది. వరసలో అందరికంటే ముందు సదయ్య ఉన్నాడు. కిటికీలోంచి బిళ్ల ఇచ్చి బత్తి తీసుకున్నాడు. కాని అక్కడినుంచి కదల్లేదు.

"ఎలిజబెతక్కా, కొమురెల్లిది గూడ బత్తి తియ్యి" అన్నాడు. అని, కాస్త ఆగి, మెల్లగా, "మూతి కట్టింది నేనేనక్కా" అన్నాడు.

ఎలిజబెత్ త్రాసు మూతలోంచి కొమురెల్లి బిళ్ల తీసి, పైట కొంగుతో తుడిచి, బోర్డు మీద దాని మేకుకు తగిలించింది. బత్తి తెచ్చి కిటికీలో పెట్టింది.

"బావా" అని పిలిచాడు సదయ్య. "నడువు. పోదాం."

ఈ మాట కోసం కొమురెల్లి నాలుగు రోజులుగా ఎదురుచూశాడు. కాని అరచేతిలో నైటు ఉంది. పిల్లర్ కొస దాని నాలుక మీద ఉంది. 

"మీరు నడువుండ్రి బావా. ఇది సన్ను పడ్తలేదు. తల్లి వచ్చినా దీని కడుపు నిండుతలేదు. నేను పాలు తాపి రేపు దిగుత."

"రేపు ఆదివారం."

"అయితే సోమారం దిగుత."

సదయ్య బత్తి బెల్టు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బాయి మూతి వైపు చూశాడు. తన వెనక ఉన్న గ్యాంగు వైపు చూశాడు. కొమురెల్లి అరచేతి వైపు చూశాడు. చూసి, వెనక్కి తిరిగి పోయి, వరండా మెట్టు మీద చతికిలబడ్డాడు. డబ్బాలోంచి తన సీసా తీసుకుని మూత విప్పాడు. పక్కనే ఇంకొకడు కూర్చున్నాడు. తర్వాత మరొకడు. గ్యాంగు మొత్తం మెట్ల మీద వరసగా కూర్చుని సీసాలు తీసింది.

మస్టర్ క్లర్కు బయటికి వచ్చాడు. "ఏందయ్యా ఇది? సైరన్ కొట్టి ఎంతసేపాయె. దిగరా?"

"పిల్లి అడ్డమొచ్చింది సార్" అన్నాడు సదయ్య. "కూసోని నీళ్లు తాగుతున్నం."

క్లర్కు గడియారం వైపు చూశాడు, వాళ్లవైపు చూశాడు, డబ్బాలో నుంచి తనవైపే చూస్తున్న పిల్లిని చూశాడు. ఈ రూలును కాదనే ధైర్యం ఆ బాయి మీద ఎవరికీ లేదు. "జల్ది తాగుండ్రి" అని లోపలికి పోయాడు.

సదయ్య ఒక గుక్క తాగాడు. రెండో గుక్కకు సీసా ఎత్తబోతుంటే, కొమురెల్లి భుజం మీదుగా వంగి నైటు పొట్ట చూస్తున్న ఎలిజబెత్ తల ఎత్తకుండానే అంది.

"జర నిమ్మలంగ తాగు సదన్నా. చిన్నదానికి ఇంక కడుపు నిండలే."